తీసిపెట్టిన అద్దాలు

ముప్ఫై ఎనిమిదేళ్లుగా గాజుతో కాపురం చేస్తున్నా మన అద్దాలాయన చేతికి ఇంతవరకూ ఒక్క గాటు పడలేదు. ఏ కోర్టు బోనులో నిలబెట్టినా ఈ మాటే చెబుతాను. నిలువెత్తు పలకని తలమీద పెట్టుకుని, ఒక చేత్తో దాన్ని పట్టుకుని, రెండో చేత్తో చుట్ట వెలిగించుకుంటూ సైకిలు తొక్కిన మనిషాయన. ఎదురుగాలి కొడితే సైకిలు వెనక్కి పోయింది గానీ పలక కదల్లేదు. చుట్ట కూడా ఆరలేదట.

అంతటి మొనగాణ్ణి పోయినవారం మనం పసిపిల్లల బడిలో, సామాన్ల కొట్టుగదిలో నిలబెట్టి వచ్చేశాం. వెనక తలుపు మూసుకున్న చప్పుడు ఆయన చెవిలో ఇంకా ఉంది. మధ్యలో వచ్చి కూచున్నవాళ్ల కోసం జరిగింది రెండు ముక్కల్లో చెబుతాను.

పన్నెండు రోజుల కిందట, సోమవారం పొద్దున్న, గుర్తింపు కార్డులిచ్చే ఆఫీసులో బాంబు పేలింది. మూడో కౌంటరు గుమాస్తా, వరసలో నిలబడ్డ ఒక నడివయసావిడ పోయారు. వీధి పొడుగునా రెండువందల అద్దాలు పగిలాయి. వాటిని మళ్లీ బిగించే పని అద్దాలాయనకి వచ్చింది. ఆఫీసుకి సరిగ్గా ఎదురుగా ఉంది పసిపిల్లల బడి. ఆ పూట లోపల పద్దెనిమిదిమంది పిల్లలున్నారు. ఒక్కరికీ చిన్న గీత పడలేదు. అద్భుతం అన్నారు వీధిలో జనం, పేపర్లోనూ అదే రాశారు. కొలతలకి వెళ్లిన అద్దాలాయన మాత్రం నేలకేసి చూశాడు. ఒక్క గాజుపెంకు లేదు. వీధివైపు కిటికీలకి అద్దాలే లేవు. కొట్టుగది తీసి చూస్తే పన్నెండు పలకలూ గోడకి ఆనించి, నిలువుగా, పలకకీ పలకకీ మధ్య పాత పేపరు పెట్టి ఉన్నాయి. పేలుడుకి ముందే ఎవరో వాటిని విప్పి భద్రంగా పెట్టారు.

అప్పుడు మూసుకుంది వెనక తలుపు. మూసింది ప్రశ్నలావిడ.

పేలుళ్ల కేసులు చూసే ఆఫీసులో ఆవిడ ఉద్యోగం. మనసుల చదువు చదివింది. బాంబు దేంతో చేశారు, ఎవరు మోశారు అని అడిగేవాళ్లు ఆ ఆఫీసులో గంపెడుమంది. మోసినవాడితో అంతకుముందు ఆర్నెల్లు ఎవరు మాట్లాడారు, ఎవరు మానేశారు అని అడిగేది ఈవిడొక్కతే.

"కూచోండి పెద్దాయనా," అంది.

ఉన్నవి నాలుగేళ్ల పిల్లల కుర్చీలు. ఆవిడ ఒకదాంట్లో ఇరుక్కుని కూచుంది. అద్దాలాయన ఇంకోదాంట్లో కూచుంటే మోకాళ్లు గడ్డానికి తగిలాయి. హోదాలన్నీ గుమ్మం బయటే ఉండిపోయాయి.

"అద్దాలు ఎవరో శుభ్రంగా తీశారు కదూ?"

"ఎవరో పనోళ్లు తీసుంటారమ్మా."

"టీచరూ అలాగే అనుకుంది. సోమవారం వచ్చి చూసి, ఇల్లు అద్దెకిచ్చినాయన బాగు చేయిస్తున్నాడు కాబోలనుకుందిట. గాలి బాగా వస్తోందని సంతోషించింది కూడాను. మీరు మాత్రం ఇందాక అద్దాలు చూడలేదు. ముందు కిటికీ చట్రం దగ్గరికెళ్లి వేలితో తడిమారు. ఎందుకు?"

అద్దాలాయన ఆ వేలిని గుప్పిట్లో దాచుకున్నాడు. ఎందుకు తడిమాడో ఆయనకి తెలుసు. చెక్క కిటికీలో అద్దాన్ని పట్టి ఉంచేది లప్పం. ఏళ్లు గడిచేకొద్దీ అది రాయిలా బిగుసుకుపోతుంది. ఊళ్లో పనివాళ్లందరూ దాన్ని ఉలితో కొట్టి ఊడబెరుకుతారు. చట్రం పెచ్చులూడుతుంది, చిన్న మేకులు వంకరపోతాయి, అవతల పారేస్తారు. అద్దాలాయన పద్ధతి వేరు. పాత గరిటె కాడ కాల్చి లప్పం మీద మెల్లగా నడిపిస్తే అది మెత్తబడుతుంది, చాకుతో తీస్తే మీగడలా వస్తుంది. తీసిన ప్రతి మేకునీ దాని చిల్లులోనే మళ్లీ గుచ్చిపెట్టాలి. "మేకుకి ఇల్లుందిరా, వీధిలో పడెయ్యకు," అనేవాడు పని నేర్పేటప్పుడు. ఈ బడి కిటికీల మూలల్లో సన్నగా కాలిన మచ్చ ఉంది. మేకులన్నీ ఎవరి ఇంట్లో అవి ఉన్నాయి.

"ముగ్గురు పనివాళ్లని తీసుకొచ్చి చూపించాను," అంది ప్రశ్నలావిడ. "ముగ్గురూ నవ్వారు. మేకులు దాచే పిచ్చి ఈ ఊళ్లో ఒక్కరికే ఉందన్నారు."

"అయితే నన్ను పట్టుకెళ్తారా?" అన్నాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టయింది, ఆయనకే వినిపించింది.

"పేలుడుకి ముందురోజు, ఆదివారం మీరు పక్క ఊళ్లో ఒక షోరూముకి అద్దం బిగిస్తున్నారు. పదిమంది చూశారు. మీ దగ్గర ఈ పని నేర్చుకున్నవాళ్లెంతమంది?"

ఇక్కడ మనవాడి నోటి దూల పనిచేసింది. నిజం దాచాలన్నా గొప్ప చెప్పుకునే దాచాలి ఆయన.

"ముప్ఫైమంది ఉంటారమ్మా. ముప్ఫై ఏం ఖర్మ, నలభై. ఈ చుట్టుపక్కల గాజు ముట్టుకున్న ప్రతివాడూ నా శిష్యుడే."

ఆవిడ పుస్తకం తీసి నలభై అని రాసుకుంది. "మంచిది. నలభైమందినీ ఈ సాయంత్రమే తీసుకొస్తారు మావాళ్లు. ఒక్కొక్కరికీ పదేసి రోజులు పట్టచ్చు. టైర్ల షాపాయన్ని పట్టుకొచ్చి ఇప్పటికే పన్నెండు రోజులైంది."

టైర్ల షాపాయన చేసిన నేరమల్లా ఆదివారం కార్డుల ఆఫీసు గోడ పక్కన ఎవరి చక్రానికో గాలి కొట్టడం. అది వీధందరికీ తెలుసు. తెలిసి కూడా ఆయన షాపుకి వెళ్లడం అందరూ మానేశారు. అద్దాలాయన కూడా మానేశాడు.

"నలభై కాదు లెండి," అన్నాడు.

"ముప్ఫయ్యా?"

"నేను కాస్త పెంచి చెప్పాను."

"పర్లేదు, దించండి."

"ఒకడు," అన్నాడు అద్దాలాయన. ఇంతమంది శిష్యులున్న గురువు ఒక్క మాటతో ఒక్కడికి దిగిపోయాడు.

ఆ ఒక్కడూ ఆయన బావమరిది. భార్యకి తోడబుట్టిన తమ్ముడు. తల్లీతండ్రీ పోతే ఆవిడే పెంచింది. గరిటె కాడ ఎంత ఎర్రబడాలో, ఎంత ఎర్రబడితే చెక్క కాలుతుందో అద్దాలాయన వాడి చెయ్యి పట్టుకుని నేర్పాడు. ఇప్పుడు వాడికి ఇరవై ఏడేళ్లు. ఎనిమిది నెలలుగా ఇంటికి రాలేదు.

ఆ పేరు అడుగుతుందనుకున్నాడు. ఆవిడ అడగలేదు.

"అద్దాలు విప్పినవాడికి బాంబు సంగతి ముందే తెలుసు," అంది. "ఎదురుగా మనుషులు పోతారనీ తెలుసు. దానికి ఒప్పుకున్నాడు. ఇటువైపు ఒక్క పిల్లకి గీత పడడం మాత్రం ఒప్పుకోలేకపోయాడు."

"రెండూ ఒకే మనిషిలో ఎలా ఉంటాయమ్మా?"

"ఉంటాయి. నేను మాట్లాడిన చాలామందిలో ఉన్నాయి. అటువైపు ఉన్నది మనుషులు కాదు, ఆఫీసు అని వాడికి ఎవరో రోజూ చెప్పారు. వినగా వినగా వాడికి మనుషులు కనబడ్డం మానేశారు. ఇటువైపు గుమ్మంలో చూశారా, బుల్లి చెప్పులు పెట్టుకునే అర ఉంది. ఆ చెప్పుల్ని కూడా ఆఫీసే అనుకోమంటే వాడికి చేతకాలేదు."

అద్దాలాయన కుర్చీతో సహా ముందుకి జరిగాడు. "అంటే మంచివాడేగా!"

"ఆ మాట వరసలో నిలబడి ప్రాణం పోగొట్టుకున్నావిడ మొగుడికి చెప్పగలరా? రండి, నేనే తీసుకెళ్తాను."

ఆయన పక్కనున్న పలక అంచు మీద బొటనవేలు పెట్టి రాశాడు. పెట్టిన సంగతి కూడా తెలియలేదు. చూసేసరికి పాత పేపరు మీద రక్తం బొట్లు బొట్లుగా పడుతోంది.

అదేమిటి, ఒక్క గాటు పడలేదని ప్రమాణం చేశావుగా అంటారు మీరు. చేశాను. వెనక్కి తీసుకుంటున్నాను. అసలు విషయం చెప్పాలంటే ఆయన ఎడమ అరచేతిలో కుట్లే పదిహేడున్నాయి. కుడిచేతి చిటికెనవేలు సగం వంగదు. సైకిలు మీద తీసుకెళ్లిన పలక కూడా మూడో మలుపులో ముక్కలైంది. అయినా గాజు పనివాడికి గాటు లేదంటే నమ్మిన మీరేం తక్కువవారు?

ప్రశ్నలావిడ పిల్లల మందుల పెట్టెలోంచి దూది తీసి ఆయన వేలికి తనే కట్టు కట్టింది. కడుతూ అడిగింది. "వాడు ఎప్పట్నించి మారాడు?"

దెబ్బ తగిలిన చోటే నొక్కినట్టుంది ఆయనకి. కోపం వచ్చింది.

"మీవాళ్లు మార్చినప్పట్నించి! మూడేళ్ల కిందట రైలుస్టేషన్‌లో పేలుడు జరిగితే దొరికినవాణ్ణి దొరికినట్టు పట్టుకుపోయారు కదా. మావాడు పనినించి వస్తున్నాడు. సంచిలో తడిగుడ్డ చుట్టిన లప్పం ముద్ద ఉంది. బూడిదరంగులో మెత్తగా ఉందని మీవాళ్లు దాన్ని బాంబు మందు అనుకున్నారు. పదకొండు రోజులు! లప్పం అండీ, లప్పం! వాసన చూస్తే ఏ పనివాడైనా చెబుతాడు."

"ఆ ఫైలు చదివాను. లప్పమని రెండో రోజే రాసి ఉంది. మిగతా తొమ్మిది రోజులు ఎందుకు ఉంచారో ఎక్కడా రాసి లేదు."

"అది ఎవరి తప్పు?"

"మాదే."

ఆ ఆఫీసువాళ్ల నోట ఆ మాట వస్తుందని అద్దాలాయన అనుకోలేదు. అంతలోనే ఇంకోటి తట్టింది.

"ఫైలు చదివానంటున్నారు. అంటే వాడి పేరు మీకు ముందే తెలుసు!"

"నాలుగు రోజులైంది. పేరుంది, మనిషి లేడు. వాడు తిరిగొచ్చాక ఏం జరిగిందో ఫైల్లో లేదు. అది మీరు చెప్పాలి."

అద్దాలాయన తన మోకాళ్లకేసి చూసుకుంటూ చెప్పాడు.

"వచ్చిన మర్నాడే పనిసంచి భుజాన వేసుకుని వచ్చాడు. పద బావా అన్నాడు. మేము జనం ఇళ్లలోకి, పడకగదుల్లోకి వెళ్లి పనిచేస్తామమ్మా. పోలీసులు పట్టుకెళ్లినవాణ్ణి వెంటబెట్టుకు వస్తే ఎవరు తలుపు తీస్తారు? కొన్నాళ్లు ఆగరా అన్నాను."

"ఎన్నాళ్లు ఆగమన్నారు?"

"వాడు మళ్లీ అడగలేదు. నేనూ పిలవలేదు."

ఆవిడ ఓదార్చలేదు, తిట్టలేదు. "మీరు ఆగమన్నప్పుడు రమ్మన్నవాళ్లు ఎవరో ఉన్నారు. తమ్ముడూ అన్నారు, పక్కన కూచోబెట్టుకున్నారు. వాళ్లకి ఈ అద్దాల సంగతి ఇంకా తెలియదు. అద్భుతం అని పేపర్లో రాయించింది నేనే. తెలిస్తే ఈసారి వాడికి ఎవర్నీ తప్పించడానికి వీల్లేని పని ఇస్తారు. వాడు మీ దగ్గరికి వస్తాడు పెద్దాయనా. రాగానే నాకు ఫోన్ చెయ్యండి."

"నా బావమరిదిని నా చేత్తో పట్టివ్వమంటారు."

"అవును. దానికి ఇంకో పేరు పెట్టి మిమ్మల్ని మభ్యపెట్టను."

"ఉరేస్తారా?"

"అది కోర్టు చేతిలో ఉంది. ప్రాణంతో కోర్టుదాకా తేవడం వరకే నా చేతిలో ఉంది."

ఆవిడ ఆయన ఫోన్ అడిగి తీసుకుని తన నంబరు ఎక్కించి ఇచ్చింది. ఆయన చేస్తాననలేదు, చెయ్యననలేదు. కుర్చీలోంచి లేవబోతే కుర్చీ కూడా వెంట వచ్చింది. ఆవిడ వెనకనించి పట్టుకుని లాగింది.

ఇంటికి నడిచే దారిలో టైర్ల షాపు ఉంది. దించిన షట్టరు మీద ఎవరో ఎర్రరంగుతో రాయకూడని మాట రాశారు. షాపాయన తల్లి మెట్ల మీద కూచుని కిరసనాయిలు గుడ్డతో దాన్ని రుద్దుతోంది. రోజూ తలొంచుకుని దాటిపోయే అద్దాలాయన ఈవేళ ఆగాడు. ఏదో అనబోయాడు. ఆవిడ తలెత్తి చూసింది. ఆ చూపు తగిలి ఆయన మళ్లీ తలొంచుకుని ముందుకి నడిచాడు.

ఆయన ఇల్లు నాలుగురోడ్ల కూడలిలో, మేడ మీద. మెట్లెక్కుతుంటేనే గాలి ఎదురొచ్చింది. లోపల ఇల్లాలు ఎగిరిపోతున్న గుడ్డల్ని ఒళ్లో అదిమిపట్టి మడతపెడుతోంది. మొహం వెలిగిపోతోంది.

"మూడేళ్లకి బుద్ధొచ్చిందన్నమాట తమరికి!" అంది.

"దేనికి?"

"ఇంకా నాటకాలెందుకు? వాడు వచ్చాడు. లప్పం పాతబడింది, కొత్తది పెట్టాలని మీరే పంపారటగా. మళ్లీ పనిలోకి పిలిచానని నాతో ఒక్కమాట చెబితే మీ సొమ్మేం పోయింది?"

అద్దాలాయన కిటికీలకేసి చూశాడు. కూడలివైపు రెండు కిటికీలు, ఎనిమిది అద్దాలు. ఎనిమిదీ లేవు. మంచం వెనక నిలువుగా, మధ్య మధ్య పేపరుతో ఉన్నాయి. చట్రం మూలలో కాలిన మచ్చ ఇంకా కొత్తది, వాసన వస్తోంది.

"ఎప్పుడొచ్చాడు?"

"పన్నెండింటికి. ఎంత చిక్కిపోయాడో! తలెత్తకుండా పనిచేశాడు. నాలుగింటికల్లా వెనక గదిలోకి పోయి కూచో అక్కా, గాలిదుమ్ము వస్తుంది అన్నాడు. పోవోయ్, ఊరేగింపు వస్తుంటే కిటికీ వదిలి నేనెందుకు పోతాను అన్నాను. వాడి మొహం మాడిపోయింది. సంచి వేసుకుని వెళ్లిపోయాడు."

ఆ సాయంత్రం నాలుగింటికి, పోయిన ఇద్దరి కోసం ఊరంతా మౌనంగా నడవబోతోంది. ఈ కూడలిలోనే ఆగి దీపాలు పెడతారు. గుమాస్తా పిల్లలూ వస్తారు. గోడమీద గడియారం రెండూ ఇరవై చూపిస్తోంది.

భార్యకి అబద్ధాలు చెప్పడంలో మనవాడిది అందెవేసిన చెయ్యి. నలభైమంది శిష్యుల కథ ఆవిడ ఇరవై ఏళ్లుగా వింటూనే ఉంది. ఈసారి మాత్రం పెంచకుండా, దించకుండా, బడి కిటికీ దగ్గర మొదలెట్టి మంచం వెనక అద్దాల దాకా ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆగమన్న మాట తను అన్నదేనని కూడా చెప్పాడు. వాడే అలిగి మానేశాడనీ, ఈయన బతిమాలి పిలవలేదనీ ఇన్నాళ్లూ అనుకుంది ఆవిడ.

ఆవిడ గుడ్డలు పక్కన పెట్టి లేచింది. కిటికీ దగ్గరికి వెళ్లి చట్రంలో మేకుని వేలితో తడిమి చూసింది.

"మీ మీద నాకు చెప్పలేనంత కోపంగా ఉంది. అది తర్వాత చూసుకుంటాను," అంది. "ఊరేగింపుకి ఎంతమంది వస్తారు?"

"రెండువేలంటున్నారు."

"వాళ్లందరికీ అద్దాలెవరు తీసిపెడతారు?"

అద్దాలాయన జేబులో ఫోన్ మీద చెయ్యి వేశాడు.

"ఆవిడకి ఫోన్ చెయ్యండి. నా ఎదురుగా చెయ్యండి. మళ్లీ ఎవరూ మీరొక్కరే చేశారని నాతో అనకూడదు. నేనే చెయ్యమన్నాను."

"వాడు నీ తమ్ముడే..."

"తెలుసు. ఎత్తుకు పెంచినదాన్ని, మీరు చెప్పాలా? వాడి చేతిమీదుగా ఇంకొకరు పోకముందే పట్టుకోమనండి."

అద్దాలాయన ఫోన్ తీశాడు. నంబరు నొక్కాడు. ఎంత పల్చటి పలకనైనా కదలకుండా పట్టుకున్న చెయ్యి అది, ఆ క్షణాన కూడా వెంట్రుకవాసి వణకలేదు. రెండు మోతలకే అటునించి, "చెప్పండి పెద్దాయనా," అంది ప్రశ్నలావిడ.

అప్పుడు మెట్ల మీద చప్పుడైంది. గుమ్మంలో బావమరిది నిలబడ్డాడు. ఒళ్లంతా చెమట. భుజాన సంచి ఉంది. బావ చేతిలో ఫోన్‌ని చూశాడో లేదో గాని చూపు అక్కమీదే ఉంది.

"వెనక గదిలో ఉండమన్నానుగా అక్కా," అన్నాడు. "ఇంకా ఇక్కడే ఎందుకున్నావు?"

"ఇది నా ఇల్లురా. ఎక్కడుండాలో నాకు తెలుసు," అంది ఆవిడ. వాణ్ణి దాటుకుని వెళ్లి, తలుపు వేసి, గడియ పెట్టి, గడియకి వీపు ఆనించి నిలబడింది. "కూచో. కూచుని మీ బావకీ నాకూ చెప్పు, నాలుగింటికి ఏం జరుగుతుంది?"

"పెద్దాయనా, ఎవరున్నారక్కడ?" అంటోంది ఫోన్.

బావమరిది కూచోలేదు. భుజాన ఉన్న సంచి రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. మోకాళ్లు వంచి, ఊపిరి బిగబట్టి, ముందు ఒక అంచూ తర్వాత రెండో అంచూ నేలకి ఆనేలా దించాడు. గాజుని అలా దించాలని వాడికి నేర్పింది అద్దాలాయనే. ఆ సంచిలో గాజు లేదని ఆయనకి తెలుసు.

"వాడు వచ్చాడమ్మా," అన్నాడు ఫోన్‌లో. "ఒట్టి చేతులతో రాలేదు."

ఇందులో నేను కల్పించింది ఇంకొక్కటుంది, ఒప్పుకుంటాను. ఫోన్ పట్టుకున్న చెయ్యి వణకలేదన్నాను. వణికింది. ఎంతగా వణికిందంటే, ఇల్లాలు తలుపు దగ్గర్నించే కళ్లతో గదమాయించాల్సి వచ్చింది.